చీర ఫొటోలన్నీ ఒకే బొమ్మలో: ఇంటి నుంచి అమ్మేవారి కోసం

వాట్సాప్ గ్రూపులో చీరలు అమ్మేవారికి ఈ ప్రశ్న కొత్త కాదు: "మూడోది ఉందా అండీ?" మూడోది అంటే మూడో ఫొటోనా, మూడో చీరా? చీరకు నాలుగు చొప్పున పది చీరల ఫొటోలు వరుసగా పెడితే నలభై బొమ్మలు అవుతాయి. ఏ కొంగు ఏ చీరదో పెట్టినవారికే గుర్తుండదు. వాటిలోంచి ఎవరో రెండు ఏరి డల్లాస్‌లో ఉన్న వదినకు పంపుతారు. ఆమెకు ఒక చీర అంచూ మరో చీర కొంగూ చేరతాయి. ఆ తర్వాత ఫోనులో ఎంత వివరించినా ఆ ముడి విడిపోదు.

ఒక్కో చీరకు ఒకే బొమ్మ తయారు చేసుకోవడం దీనికి విరుగుడు. చీర నిండు రూపం, కొంగు, అంచు, రవిక ముక్క అన్నీ అందులోనే ఉంటాయి, అడుగున చీర నంబరు ఉంటుంది. అది ఎన్ని చేతులు మారినా విడిపోదు. ఈ పనికి డబ్బు పెట్టి యాప్ కొననక్కరలేదు, ఫోనులో ఉన్నవి చాలు. అయితే ఫొటోలను కలపడం చివరి పావు వంతు పని. మిగతా ముప్పావు వంతు ఏ ఫొటోలు ఎంచుకున్నారు, ఎలా తీశారు అన్నదాని మీదే ఉంది. అందుకే యాప్‌ల సంగతి కాస్త ఆగి చెబుతాను.

ముందు పిక్సెళ్ల లెక్క

ఫొటో అంతా పిక్సెళ్లనే చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ఫోను కెమెరా తీసే 12 మెగాపిక్సెళ్ల ఫొటో సాధారణంగా 4000 × 3000 పిక్సెళ్లు ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు నాణ్యతతో పంపితే దాని పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. ఒక్క ఫొటో పంపినప్పుడు ఆ 1600 అంతా దానికే దక్కుతుంది. నాలుగింటిని రెండేసి చొప్పున పేర్చి పంపితే ఒక్కోదానికి మిగిలేది 800 × 600. తొమ్మిది పేర్చితే 533 × 400. బాగా దగ్గరగా తీయకపోతే ఆ పరిమాణంలో జరీ గీతలు విడివిడిగా కనబడవు, అంచంతా కలిసి పసుపు పట్టీలా ఉంటుంది.

కాబట్టి నాలుగు దాటకండి. ఐదో ఫొటో మీద మనసు పడినప్పుడు, అది లేకపోతే కొనేవారికి ఏ విషయం తెలియకుండా పోతుందో ఆలోచించండి. చెప్పలేకపోతే వదిలేయండి. వాట్సాప్‌లో 2023 నుంచి హెచ్‌డీగా, అంటే ఎక్కువ పిక్సెళ్లతో, పంపే వీలుంది కదా అనవచ్చు. పంపండి, మంచిదే. కానీ అవతలివారు చూసేది అరచేతిలో పట్టే తెర మీద. పిక్సెళ్లు పెరిగినంత మాత్రాన తెర పెద్దది కాదు, వేళ్లతో పెద్దది చేసి చూసే ఓపిక అందరికీ ఉండదు.

మొత్తం బొమ్మ కొలత 1080 వెడల్పు, 1350 ఎత్తు పెట్టుకోండి. నిలువుగా పట్టుకున్న ఫోనులో అది తెరను బాగా నింపుతుంది, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకూ సరిగ్గా సరిపోతుంది. నాలుగు ఫొటోలను ఒకదాని కింద ఒకటి రిబ్బనులా అతికించకండి. చాట్‌లో అంత పొడుగు బొమ్మ పూర్తిగా కనిపించదు. పైన, కింద కోసేసి నడిమి ముక్కే చూపిస్తుంది. వాట్సాప్ స్టేటస్‌కు కావాలంటే 1080 × 1920 కొలతతో వేరుగా చేసుకోవాలి, ఒకే బొమ్మను అన్నిచోట్లా సాగదీయకూడదు.

ఏ నాలుగు ఫొటోలు?

ఇక్కడ అందరూ ఒకే అచ్చు వాడుతుంటారు: చీర, కొంగు, అంచు, రవిక. చాలా చీరలకు అది సరిపోతుంది. కానీ ఒక్కో నేతకు చూపించవలసిన చోటు ఒక్కోటి ఉంటుంది. ఆ చోటు బొమ్మలో లేకపోతే నేతచీరకూ నకలుకూ తేడా కనిపించదు.

గద్వాల చీరనే తీసుకోండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే అతుకులోనే పనితనం ఉంది. తెలిసినవారు ముందు దానినే చూస్తారు. కాబట్టి ఒక గడి ఆ అతుక్కే ఇవ్వండి, దగ్గరగా, గట్టిగా వెలుగు పడేలా. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముందే రంగులద్ది తర్వాత నేస్తారు. అందువల్ల వెనక వైపు కూడా డిజైను ముందువైపులాగే ఉంటుంది. అచ్చు వేసిన నకలులో వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. కాబట్టి చీర ఒక మూల మడిచి, ముందు వెనకలు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. నాలుగు మాటలు రాసే బదులు ఆ ఒక్క మడత చాలు. ఉప్పాడ జాందానీకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, వెనక బుటా ఎంత శుభ్రంగా ఉందో కొనేవారికి తెలియాలి. మంగళగిరి నూలు చీరలో ఒళ్లు చాలావరకు సాదాగా ఉంటుంది. అలాంటప్పుడు ఒళ్లు దగ్గరగా చూపించే ఫొటో దండుగ, ఆ చోటు కూడా అంచుకే ఇవ్వండి.

అంచు వెడల్పు తెలియాలంటే ఒక ఫొటోలో కొలత టేపు పెట్టండి. దగ్గరగా తీసిన ఫొటోలో రెండు అంగుళాల అంచు కూడా ఆరు అంగుళాలంత కనిపిస్తుంది. "ఇంత చిన్న అంచా?" అన్న మాట పార్శిల్ విప్పాక వినడం కంటే ముందే టేపు పెట్టడం మేలు.

ఫొటోలు తీసేటప్పుడు

విడిగా చూసినప్పుడు కనబడని లోపాలు పక్కపక్కన పెడితే బయటపడతాయి. అన్నిటికంటే ముందు రంగు. చీర వరండాలో తీసి, కొంగు గదిలో ట్యూబ్‌లైటు కింద తీస్తే, విడివిడిగా రెండూ బాగానే ఉంటాయి. ఒకే బొమ్మలో చేర్చగానే ఒకటి నెమలికంఠం రంగు, మరొకటి బూడిద నీలం. చూసేవారికి అవి రెండు వేర్వేరు చీరలు.

అందుకని నాలుగు ఫొటోలూ ఒకేచోట, ఒకే వెలుతురులో, వెంటవెంటనే తీయండి. నేరుగా ఎండ పడని వరండా లేదా కిటికీ పక్క మంచిది. పగటి వెలుతురు ఉన్నప్పుడు గదిలో లైట్లు ఆర్పేయండి, రెండు రకాల వెలుతురు కలిస్తే రంగు ఎటూ కాకుండా పోతుంది. ఫ్లాష్ వద్దు, జరీ మీద తెల్లగా మెరిసి అంచు డిజైనే మాయమవుతుంది. జరీ బాగా పడాలంటే ఎదురుగా కాకుండా కొంచెం పక్కనుంచి తీయండి.

ముదురు రంగు చీర కనిపిస్తే ఫోను తనంతట తాను వెలుగు పెంచుతుంది, లేత రంగైతే తగ్గిస్తుంది. తెర మీద చీరను తాకి కాసేపు అలాగే నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో వెలుగు, ఫోకస్ అక్కడే ఆగిపోతాయి. అలా బిగించి నాలుగూ తీయండి. ఇంకో చిన్న ఉపాయం: మొదటి ఫొటోలో చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. తర్వాత తెర మీద ఆ కాగితం తెల్లగా కనబడితే చీర రంగు కూడా దాదాపు నిజమే. కాగితం పసుపుగానో నీలంగానో ఉంటే చీరా అంతే తప్పుగా ఉన్నట్టు.

రంగు సరిచేయాల్సి వస్తే ఒక్కో ఫొటోకు ఆటో బటన్ నొక్కకండి. అది నాలుగింటినీ నాలుగు రకాలుగా మారుస్తుంది. స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లలో ఒక ఫొటోకు చేసిన మార్పులనే మరో ఫొటోకు వేసుకునే వీలుంది, అది వాడండి. ఫిల్టర్లు, రంగులను మెరుగుపరిచే బటన్లు చీరల ఫొటోలకు పనికిరావు. అవి మొహాలకు, సముద్ర తీరాలకు పుట్టినవి. వంకాయ రంగును ఊదాగా మార్చి పంపితే వెనక్కి వచ్చే చీర రవాణా ఖర్చు మీదే.

చీరలు మీరు తీయకుండా నేతవారి నుంచి ఫొటోలు తెప్పించుకుంటున్నారా? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో మీకు చేరేటప్పటికే ఒకసారి కుదించుకుపోయి ఉంటుంది. దాన్ని బొమ్మలో చేర్చి మళ్లీ పంపితే రెండోసారి నలుగుతుంది. జేపెగ్ (జేపీజీ, ఫొటోలను కుదించి దాచే రకం ఫైలు) ఫొటోను మార్చి దాచిన (సేవ్ చేసిన) ప్రతిసారీ కొంత వివరం పోతుంది, అది తిరిగి రాదు. అందుకని ఫొటోలను డాక్యుమెంటుగా పంపమని అడగండి. గ్యాలరీకి బదులు డాక్యుమెంట్ గుర్తును నొక్కి ఫొటో ఎంచుకుంటే అసలు ఫైలే వస్తుంది.

గడుల అమరిక

నాలుగు సమాన గడులు వేయడం తేలిక, కానీ అంత బాగుండదు. ఏది ముందు చూడాలో కంటికి తెలియదు. ఒకటి పెద్దది, మూడు చిన్నవి పెట్టండి. 1080 × 1350 బొమ్మకు నేను సూచించే కొలతలు ఇవి: ఎడమవైపు 600 వెడల్పు, 1230 ఎత్తుతో పెద్ద గడి, అందులో వేలాడదీసిన చీర నిండుగా. కుడివైపు 468 × 402 కొలతతో మూడు చిన్న గడులు, పైనుంచి కిందికి కొంగు, అంచు, రవిక ముక్క (లేదా అతుకు, లేదా వెనకవైపు). గడుల మధ్య 12 పిక్సెళ్ల సందు. అడుగున 120 ఎత్తు తెల్ల పట్టీ, నంబరు కోసం.

పెద్ద గడి ఎత్తు వెడల్పుకు రెట్టింపు ఉంటుంది కాబట్టి ఆ ఫొటో నిలువుగానే తీయాలి. చిన్న గడులు దాదాపు చదరం. వాటికి తీసేటప్పుడే చుట్టూ కాస్త చోటు వదిలితే తర్వాత కత్తిరించడానికి వీలుంటుంది. అంచు ఫొటోలో అంచు గడికి అడ్డంగా, తిన్నగా ఉండాలి. అది ఏటవాలుగా ఉంటే పక్కన సందు గీత తిన్నగా ఉండటం వల్ల వంకర ఇంకా ఎక్కువ కనబడుతుంది.

సందు తెలుపు రంగులో ఉంటే చాలు. తెల్ల చీరకు మాత్రం లేత బూడిద రంగు వేయండి, లేకపోతే చీర ఎక్కడ అయిపోయిందో తెలియదు. గుండ్రని మూలలు, పూల చట్రాలు, మెరుపు చుక్కలు, గుండె గుర్తులు యాప్‌లో ఉచితంగా ఇస్తారు. అన్నీ అక్కడే వదిలేయండి. చీరలోనే పువ్వులు, నెమళ్లు, మామిడి పిందెలు నేసి ఉంటే చుట్టూ ఇంకో పూదోట ఎందుకు?

ఏ యాప్‌లో ఎలా

అప్పుడప్పుడు ఒకటి రెండు చీరలు పెట్టేవారికి ఫోనులో ఉన్నవే చాలు. గూగుల్ ఫొటోస్‌లో కావలసిన ఫొటోలను ఎంచుకుని మెనూలో కొలాజ్ అన్నది నొక్కితే అమరికలు చూపిస్తుంది. ఒక్కో గడిలో ఫొటోను వేలితో జరిపి, పెద్దది చేసి సరిచేయవచ్చు. దాచాక ఎడిట్‌లో మార్కప్ తెరిచి నంబరు రాయవచ్చు. శాంసంగ్ ఫోన్లలో గ్యాలరీలో ఫొటోలు ఎంచుకుని క్రియేట్ నొక్కితే కొలాజ్ వస్తుంది. ఐఫోను ఫొటోస్ యాప్‌లో కొలాజ్ లేదు. కానీ షార్ట్‌కట్స్ యాప్‌లో ఫొటోలు ఎంచుకునే చర్య, తర్వాత 'కంబైన్ ఇమేజెస్', తర్వాత ఆల్బమ్‌లో దాచే చర్య వరుసగా పెట్టి ఒకసారి తయారు చేసుకుంటే, ఆపైన ఒక్క నొక్కుతో కలుస్తాయి. అడ్డంగా, నిలువుగా, గడులుగా అని మూడు రకాలు ఉంటాయి. పైన చెప్పిన పెద్ద గడి అమరిక మాత్రం అందులో రాదు.

వారానికి పది, ఇరవై చీరలు పెట్టేవారికి బొమ్మలు రూపొందించే యాప్ కాన్వా మేలు, ఉచిత ఖాతా సరిపోతుంది. ఇలా చేయండి:

1. కొత్త డిజైను తెరిచి, సొంత కొలత అన్నచోట 1080, 1350 ఇవ్వండి.

2. ఎలిమెంట్స్‌లో గ్రిడ్స్ వెతికి ఒకటి పెద్దది, మూడు చిన్నవి ఉన్న అమరికను వేయండి. అడుగు పట్టీకి చోటు మిగిలేలా దాన్ని పైకి కుదించండి.

3. ఫొటోలను ఒక్కొక్కటిగా గడుల్లోకి లాగండి. గడి మీద రెండుసార్లు తాకితే లోపలి ఫొటోను జరుపుకోవచ్చు.

4. అడుగున నంబరు, చీర రకం, మీ పేరు రాయండి. తెలుగు అక్షరాల్లో సన్నగీతలవి కాకుండా కాస్త లావుపాటి అచ్చు ఎంచుకోండి, కుదించినా వత్తులు, గుణింతాలు చెడకుండా నిలుస్తాయి.

5. ఆ పేజీకి నకలు తీసి, ఫొటోలు, నంబరు మార్చండి. రెండో చీర తయారు. మూడోదీ అంతే.

మొదటి బొమ్మకు పట్టినంత సమయం తర్వాతివాటికి పట్టదు. పైగా అన్ని చీరలకూ ఒకే రూపం వస్తుంది, గ్రూపులో మీ బొమ్మ చూడగానే మీదని గుర్తుపడతారు. డౌన్‌లోడ్ చేసేటప్పుడు జేపీజీ ఎంచుకోండి. ఫొటోలకు పీఎన్‌జీ అనే మరో రకం ఫైలు వల్ల ఫైలు బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కంప్యూటర్ అలవాటు ఉన్నవారు పవర్‌పాయింట్‌తోనే ఈ పని చేసుకోవచ్చు. స్లైడు కొలతను 20 × 25 అంగుళాలుగా మార్చి, ఫొటోలు పేర్చి, జేపెగ్‌గా దాచండి. మామూలుగా అంగుళానికి 96 పిక్సెళ్ల చొప్పున దాస్తుంది కాబట్టి 1920 × 2400 బొమ్మ వస్తుంది. చిన్న స్లైడు పెట్టుకుంటే బొమ్మా చిన్నదే వస్తుంది, చాలామందికి మసకగా రావడానికి కారణం అదే. ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్‌లోనైతే ఎగుమతి చేసేటప్పుడు పిక్సెళ్లు మీరే ఇవ్వవచ్చు. ఐఫోను ఫొటోలు కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే, సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌కు వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకోండి, ఆపైన తీసేవి జేపెగ్‌లోనే వస్తాయి.

నంబరు బొమ్మ మీద, ధర కింద

నంబరు తప్పనిసరిగా బొమ్మలోనే ఉండాలి. కింద రాసిన మాటలు, బొమ్మను ఎవరైనా గ్యాలరీలో దాచుకుంటే దానితో రావు. 'గద్వాల 14' లాంటి చిన్న గుర్తు చాలు. ఫైలు పేరు కూడా అదే పెట్టండి, వెతుక్కోవడం తేలిక.

ధర మాత్రం బొమ్మ మీద వద్దని నా అభిప్రాయం. బొమ్మ నెలల తరబడి చేతులు మారుతూ తిరుగుతుంది. పండగకు తగ్గించిన ధర సంక్రాంతి దాటినా మిమ్మల్ని వదలదు. సందేశంలో రాయండి, మార్చుకోవచ్చు. అలాగని అసలు ధరే చెప్పకుండా "ధరకు మెసేజ్ చేయండి" అనడం కొనేవారిని విసిగించడమే.

మీ ఫొటోలు వేరేవారు వాడుకుంటారన్న భయం ఉంటే పెద్ద గడిలో చీర ఒంటి మీద మీ పేరు లేతగా వేయండి. మూలల్లో వేస్తే కత్తిరించేస్తారు. అంచు మీద, కొంగు మీద వేస్తే చూపించాలనుకున్నదే కప్పేసినట్టు అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవారు ఇంకొకటి గమనించాలి: 2025 నుంచి ప్రొఫైల్ పేజీలో బొమ్మలు 3:4 నిష్పత్తిలో కనబడుతున్నాయి. 1080 వెడల్పు బొమ్మ అక్కడ రెండు పక్కలా 34 పిక్సెళ్ల చొప్పున తెగుతుంది. కాబట్టి అక్షరాలను అంచుల నుంచి కనీసం 40 పిక్సెళ్లు లోపలికి రాయండి.

పంపే ముందు, పంపేటప్పుడు

తయారైన బొమ్మను ముందు వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. గ్యాలరీలో చూస్తే చాలదు, కుదించాక ఎలా ఉందో తెలియాలి. పెద్దది చేయకుండా నంబరు చదవగలుగుతున్నారా? కొంగు డిజైను ఏమిటో తెలుస్తోందా? పెద్దది చేస్తే అంచు గీతలు విడిగా కనబడుతున్నాయా? ఏదైనా కాదంటే ఒక ఫొటో తగ్గించండి.

ఫొటోల వెనక ఏముందో కూడా చూడండి. అద్దంలో పిల్లలు, గోడ మీద ఫోను నంబరు, పక్కన ఎవరి చిరునామాతోనో ఉన్న పార్శిల్ కవరు బొమ్మలోకి రాకూడదు. కొన్నవారు చీర కట్టుకుని పంపిన ఫొటోను మీ బొమ్మలో చేర్చాలంటే వారిని అడగండి. ఏదైనా కనబడకుండా చేయాల్సి వస్తే దాని మీద గట్టి రంగు డబ్బా వేయండి. హైలైటర్ కలంతో గీస్తే కింది అక్షరాలు వెలుగు పెంచగానే కనబడతాయి. ఇంటి నుంచి అమ్మేవారు డాక్యుమెంటుగా అసలు ఫొటోలు పంపేటప్పుడు మరింత జాగ్రత్త పడాలి. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫైలులో మీ ఇంటి ఉనికి కూడా నమోదై ఉంటుంది.

గ్రూపులో ఒకేసారి ఇరవై బొమ్మలు ఎంచి పంపకండి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఒకేసారి పంపితే వాట్సాప్ వాటిని ఒక కట్టగా చేసి నాలుగే చూపిస్తుంది. మిగతావి ఆ నాలుగో బొమ్మ మీద ఒక అంకెగా మిగిలిపోతాయి. ఇంత కష్టపడి కలిపిన బొమ్మను మళ్లీ పావు వంతు గడిలో ఇరికించినట్టే. మూడేసి చొప్పున, మధ్యలో ఒక మాట రాసి పంపండి.

చీర అమ్ముడైతే బొమ్మను తొలగించకండి. కాన్వాలో అదే పేజీ తెరిచి అడుగు పట్టీ రంగు మార్చి, 'అమ్ముడైంది' అని రాసి మళ్లీ పెట్టండి. "అలాంటిదే ఇంకోటి నేయిస్తారా?" అని అడిగేవారికి చూపించడానికి ఆ నంబరే పనికొస్తుంది.